కిటికీ అక్క సంతకం

ఆ మిల్లులో బట్ట నెయ్యరు. ఎక్కడో నేసిన తెల్లబట్ట లారీల్లో వస్తుంది, రంగు వేయించుకుని మళ్లీ లారీల్లో వెళ్లిపోతుంది. ఎక్కువగా యూనిఫాంల బట్ట. బళ్లకి, ఆసుపత్రులకి, ఆఫీసులకి. యూనిఫాంతో వచ్చే చిక్కు ఒక్కటే. ఈ నెల రంగు వేసిన బట్టని పోయిన నెల బట్ట పక్కన పెడితే తేడా తెలియకూడదు. తెలుస్తుందో లేదో చెప్పేది ఇరవై మూడేళ్లుగా ఒకే మనిషి. మిల్లంతా ఆవిణ్ణి కిటికీ అక్క అనేది.

రంగుల షెడ్డు చివర ఉత్తరం వైపు ఒక పెద్ద కిటికీ ఉండేది. ఎండ సూటిగా పడదు, రోజంతా వెలుతురు ఒకే తీరుగా ఉంటుంది. ఆ కిటికీ కింద బల్ల, బల్ల మీద బూడిదరంగు అట్ట. తొట్టిలోంచి ఒక విడతలో తీసిన బట్టంతా ఒక లాటు. అందులో ఒక ముక్క కత్తిరించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తెస్తారు. అక్క దాన్ని వెంటనే చూడదు. వేడి మీద ఉన్న బట్ట అబద్ధం చెబుతుందని ఆవిడ నమ్మకం. కాసేపు పక్కన పెట్టి, ఆ కాసేపూ బూడిద అట్ట వైపు చూస్తూ కళ్లకి విశ్రాంతి ఇచ్చి, అప్పుడు కొత్త ముక్కనీ, నమూనాగా దాచిన అసలు ముక్కనీ అంచుకు అంచు ఆనించేది. ఒకసారి ఇలా, తిప్పి ఒకసారి అలా. ఆ పూట ఎర్రబట్ట చూసి ఉంటే ఆకుపచ్చ ముక్క ముట్టుకునేది కాదు. "కంటికి ఇంకా ఎరుపు అంటుకునే ఉంది, భోజనం అయ్యాక తెండి" అనేది. సరిపోతే లాటు కార్డు మీద సంతకం. ఆ సంతకం లేకుండా థాను గేటు దాటేది కాదు.

ఈ పని నేర్పినాయన షెడ్డు ఇన్‌చార్జి. పెద్దాయన అనేవాళ్లు. ఆయన రిటైరయిన రోజు అందరి ముందూ అక్క భుజం తట్టి, "నా కుర్చీ ఎక్కడికీ పోదులే, పక్క బల్లకే జరుగుతుంది" అన్నాడు. అక్క ఇంటికి వెళ్తూ దారిలో కొత్త చెప్పులు కొనుక్కుంది. ఇన్‌చార్జి అయితే షెడ్డంతా తిరగాలి కదా అని.

కుర్చీ పక్క బల్లకి జరగలేదు. పది రోజుల తర్వాత మేనేజరు ఒక ముప్పై ఏళ్ల మనిషిని వెంటబెట్టుకొచ్చి, "ఇకనుంచి ఈయనే మీ ఇన్‌చార్జి, బాగా చదువుకున్నాడు" అన్నాడు. ఏం చదివాడో చెప్పలేదు. ఆయన మేనేజరు భార్యకి తమ్ముడని మధ్యాహ్నానికల్లా తెలిసిపోయింది. అంతకుముందు చెప్పుల షాపు పెట్టి మూసేశాడని సాయంత్రానికి తెలిసింది. ఎదురుగా సార్ అనేవాళ్లు, చాటున బావమరిది అనేవాళ్లు.

తొట్ల మేస్త్రి మొదటి రోజే టీ దగ్గర చెప్పాడు. "‘నీళ్లు ఇంతగా కాగాలా మేస్త్రీ?’ అనడిగాడమ్మా. ‘అక్కర్లేదండీ, టీ కూడా చన్నీళ్లతో కాచుకోవచ్చు’ అన్నాను. నవ్వాడు. అర్థమై నవ్వాడో, కాక నవ్వాడో."

అర్థమైంది. మర్నాటి నుంచి మేస్త్రికి రాత్రి షిఫ్టు పడింది.

నెల తిరిగేసరికి షెడ్డులో మనుషులు రెండు రకాలయ్యారు. బావమరిది జోకుకి నవ్వేవాళ్లకి పగటి షిఫ్టులు, కొత్త గ్లౌజులు, అడిగిన రోజు సెలవు. నవ్వనివాళ్లకి చిల్లులు పడ్డ గ్లౌజులు. ఎనిమిది నెలల కిందట చేరిన ఒక కుర్రాడు ఆయన కారు తుడిచి తుడిచి ఏడాది తిరగకుండా పర్మనెంటయ్యాడు. ఆ పర్మనెంటు జాబితాలో అక్క చెల్లెలి పేరు ఉండాల్సింది. కింద నుంచి చూసినా పై నుంచి చూసినా లేదు.

చెల్లెలు తొమ్మిదేళ్లుగా తొట్ల దగ్గర పనిచేస్తోంది. కార్డు మనిషి. అంటే తొంభై రోజులకి ఒక కార్డు ఇస్తారు. అది అయిపోయిన రోజున ఇంట్లో కూర్చోబెట్టి, ఆ మర్నాడు ఇంకో కార్డు ఇస్తారు. ఒక్క రోజు విరామంతో మనిషి ఎప్పటికీ కొత్తదే. అక్కకీ చెల్లెలికీ పద్నాలుగేళ్ల తేడా. తల్లి పోయాక పెంచింది అక్కే. అక్క భర్త పోయి పదేళ్లయింది, పిల్లల్లేరు. చెల్లెలి మొగుడు లారీ మీద పోతే మూడేసి వారాలకి గాని ఇల్లు చూడడు. రెండు గదుల ఇంట్లో అక్కాచెల్లెళ్లే ఉంటారు.

తనకి రావలసిన కుర్చీ పోయినందుకు అక్క ఎవరితోనూ ఏమీ అనలేదు. కిటికీ పోయినప్పుడు మాత్రం నోరు తెరిచింది.

ఒక సోమవారం వచ్చేసరికి ఆవిడ బల్ల మెట్ల కింద ఉంది. కిటికీ చుట్టూ చెక్కలు కొడుతున్నారు. బావమరిదికి క్యాబిన్ కావలసి వచ్చింది. షెడ్డు మొత్తంలో గాలీ వెలుతురూ ఉన్న మూల అదొక్కటే. ఏసీ పెట్టి, కిటికీకి నల్లటి కాగితం అంటించారు, ఫోను తెర మీద వెలుతురు పడుతోందని.

అక్క మేనేజరు గదికి వెళ్లింది.

"సార్, ట్యూబులైటు కింద షేడు చూడకూడదు. అక్కడ ఒకటిగా కనిపించినవి బయట రెండవుతాయి."

"అలాగా?" అన్నాడు మేనేజరు తల ఎత్తకుండా. "రంగు రంగేగా అమ్మా. లైటు మారిస్తే మారిపోతుందా? ఇంకో రెండు ట్యూబులు వేయిస్తాను, పో."

వేయించాడు. మెట్ల కింద పెళ్లివారిల్లులా వెలిగింది. అక్క ముక్కలు పట్టుకుని పెరట్లోకి వెళ్లి చూసి రావడం మొదలుపెట్టింది. వారానికి బావమరిది అదీ ఆపాడు. పని వేళలో బయటికి వెళ్లాలంటే చీటీ రాసి తన సంతకం తీసుకోవాలన్నాడు. చీటీ తీసుకెళ్తే ఆయన గదిలో ఉండడు. ఉన్న రోజున, "ఏంటి అక్కా, షికారా?" అంటాడు. చుట్టూ నిలబడ్డ నలుగురూ నవ్వుతారు. ఆ నలుగురికీ ఒకప్పుడు పని నేర్పింది ఈవిడే. కిటికీ పోయినా కిటికీ అక్క అనే పిలుపు మాత్రం పోలేదు. ఇప్పుడు పిలిచేవాళ్లు కొంచెం సాగదీసి పిలుస్తున్నారు.

అప్పటికే చెల్లెలు నెల తప్పి ఉంది.

ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి, పోయింది. రెండుసార్లూ ఆవిరి కక్కే తొట్ల దగ్గర, తడిబట్ట మోస్తూ ఉండగానే. ఈసారి నాలుగో నెల దాటింది. చెల్లెలు వదులు చొక్కా వేసుకుని తిరుగుతోంది. కార్డు మనుషుల్లో కడుపు కనిపించిన ఆడదానికి తర్వాత కార్డు ఇవ్వరు. ఇవ్వరని ఎక్కడా రాసి ఉండదు. కార్డులు అయిపోయాయంటారు, అంతే. పర్మనెంటు మనిషికయితే ఆరు నెలల సెలవు, తిరిగి వస్తే పని. చెల్లెలి కార్డు ఇంకో పన్నెండు రోజుల్లో అయిపోతుంది.

"అక్కా, ఒకసారి అడగకూడదూ?" అంది చెల్లెలు గిన్నెలు కడుగుతూ. "నీ మాటంటే మేనేజరుకి గౌరవమే."

"ఆ గౌరవం మెట్ల కింద పెట్టాడు, చూశావుగా."

"నీకు నీ కిటికీ గోలే గానీ..." అని ఆగిపోయింది.

అక్క ఆమె చేతిలో గిన్నె తీసుకుని తను కడగడం మొదలుపెట్టింది. అడిగింది కూడా. మేనేజరు, "చూద్దాం" అన్నాడు. ఆయన చూద్దాం అన్నవేవీ ఆ మిల్లులో ఎవరూ చూడలేదు.

మిల్లుకి పెద్ద ఆర్డరు వచ్చింది. ఒక కంపెనీ సిబ్బందికి కోటూ ప్యాంటూ, రెండూ నీలం కలిసిన బూడిదరంగు. కోట్ల బట్ట పోయిన నెలలోనే వెళ్లిపోయింది, అక్క కిటికీ దగ్గర చూసిన ఆఖరి లాటు అదే. ప్యాంట్ల బట్ట ఇప్పుడు వెళ్లాలి. ఈ మధ్యలో బావమరిది రంగుపొడి మార్చాడు. స్నేహితుడెవరో సరఫరా చేస్తున్నాడట. డబ్బా మీద పేరు అదే, లోపలి పొడి వేరు. పొడి నీళ్లలో కలుస్తున్నప్పుడే మేస్త్రి వాసనలో తేడా పసిగట్టి, పొద్దున షిఫ్టు దిగుతూ అక్కకి చెప్పిపోయాడు.

ఆ రోజు మబ్బు. సాయంత్రం నాలుగు దాటింది, గేటు దగ్గర లారీ ఇంజను ఆపకుండా నిలబడి ఉంది. చెల్లెలే ముక్క కత్తిరించి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి మెట్ల కిందికి తెచ్చింది. అక్క అసలు ముక్క పక్కన ఆనించింది. నాలుగు ట్యూబులైట్ల కింద రెండూ కవల పిల్లల్లా ఉన్నాయి. అతికినట్టు సరిపోయాయి. అదే ఆవిడకి నచ్చలేదు. పొడి మారితే ఎక్కడో ఒకచోట వెంట్రుకవాసి తేడా రావాలి.

"రేపు పొద్దున బయట చూసి పెడతాను" అంది.

బావమరిది క్యాబిన్లోంచి వచ్చాడు. "రేపా? లారీ వాడికి పరుపు వెయ్యమంటావా? కళ్ల ముందు ఒకేలా ఉంటే ఇంకేం చూస్తావు?"

"నా కళ్ల ముందు లేదు సార్, మీ లైట్ల ముందుంది."

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన ముఖం కందిపోయింది. విసురుగా వెళ్లి బావని తీసుకొచ్చాడు.

మేనేజరు అరవలేదు. అరిచి ఉంటే అక్కకి తేలికయ్యేది. బల్ల ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, చేతిలో ఒక కాగితం ఉంది. దాన్ని బూడిద అట్ట మీద పరిచి వేలితో నిమిరాడు. అది చెల్లెలి పర్మనెంటు ఆర్డరు. పేరు, తేదీ, మిల్లు ముద్ర, అన్నీ ఉన్నాయి. ఆయన సంతకం చెయ్యాల్సిన చోటు మాత్రం ఖాళీగా ఉంది.

"నువ్వు అడిగావుగా. నేను మర్చిపోలేదు" అన్నాడు. "నువ్వు నాది చూడు, నేను నీది చూస్తాను. ఎంత సేపమ్మా?"

చెల్లెలు రెండడుగుల దూరంలో కత్తెర పట్టుకుని నిలబడి ఉంది. రెండో చెయ్యి వదులు చొక్కా మీదికి, పొట్ట మీదికి వెళ్లింది. వెళ్లిందని ఆమెకే తెలియలేదు.

అక్క ముక్కల్ని ఇంకోసారి తిప్పి చూసింది. సరిపోయాయనే కనిపించింది. కనిపించింది కదా, తను చూసిందే కదా, అబద్ధం ఎక్కడుంది అని ఒక్క క్షణం తనకి తనే చెప్పుకుంది. అది అబద్ధమని ఇరవై మూడేళ్లుగా ఊరందరికీ చెబుతూ వచ్చింది కూడా తనే. కార్డు మీద సంతకం పెట్టింది. మేనేజరు జేబులోంచి పెన్ను తీసి ఆ కాగితం మీద తనదీ పెట్టాడు. చెల్లెలు ఆ కాగితాన్ని రెండు చేతులతో అందుకుంది. లారీ వెళ్లిపోయింది.

మూడు వారాల తర్వాత ఆ కంపెనీ వాళ్లు సిబ్బందినంతా కొత్త బట్టల్లో ఆరుబయట నిలబెట్టి ఫొటో తీయించారట. నడుం పైన నీలం బూడిద, నడుం కింద పాచి పట్టిన ఆకుపచ్చ. వందల మంది. ఫొటో హెడ్డాఫీసుకి వచ్చింది. వెనకాలే సరుకంతా తిరిగి వచ్చింది.

విచారణ పెట్టారు. హెడ్డాఫీసు నుంచి కళ్లజోడాయన ఒకరు వస్తున్నారన్నారు. ఆ ముందు రోజే అక్కని కళ్ల డాక్టరు దగ్గరికి పంపారు. డాక్టరు రంగు చుక్కల పుస్తకం తీసి వాటిలో దాగిన అంకెలు చదవమన్నాడు. ఒక్కటీ తప్పకుండా చదివింది. "మీ కళ్లకేమమ్మా, నాకంటే బాగున్నాయి" అని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితాన్ని మిల్లు గుమాస్తా తీసుకుని ఫైల్లో పెట్టాడు. మళ్లీ అది ఎవరికీ కనపడలేదు.

విచారణ రోజు పొద్దున్నే అక్కాచెల్లెళ్లిద్దరూ నడిచి వెళ్తున్నారు. అక్క అంది. "నిన్ను పిలుస్తారు. నేనేమీ చూడలేదు, ముక్క ఇచ్చి వెళ్లిపోయాను అను. అంతే. ఒక్క మాట ఎక్కువ వద్దు."

"మరి నువ్వో?"

"నా సంగతి నేను చూసుకుంటాను. నీ కాగితానికి ఇంకా రెండు నెలలు కూడా నిండలేదు. రెండేళ్ల దాకా ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చట. గుర్తు పెట్టుకో."

చెల్లెలు నేల చూస్తూ నడిచింది. ఒకసారి "అక్కా" అని ఏదో మొదలుపెట్టబోయింది. గేటు వచ్చేసింది.

గదిలో కళ్లజోడాయన, ఆయనకి ఒక పక్క మేనేజరు, ఇంకో పక్క బావమరిది. అక్కని ముందు అడిగారు. సంతకం మీదేనా? నాదే. లాటు చూసే పెట్టారా? చూసే పెట్టాను. ఎక్కడ చూశారు? అక్క మేనేజరు వైపు చూసింది. ఆయన కిటికీ లేని గోడ వైపు చూస్తున్నాడు. "నా బల్ల దగ్గర" అంది. మెట్ల కింద అని చెప్పొచ్చు. ఎవరు తెచ్చి కూర్చోబెట్టారో, ఆ సాయంత్రం బల్ల మీద ఏ కాగితం పరిచారో అంతా చెప్పొచ్చు. చెబితే ముందు చిరిగేది ఆ కాగితమే.

తర్వాత చెల్లెల్ని పిలిచారు.

"ఆ రోజు నువ్వు అక్కడే ఉన్నావా?"

"ముక్క ఇచ్చానండి."

"తర్వాత?"

"అక్కకి ఈమధ్య సరిగా కనపడటం లేదండి. ఇంట్లో కూడా. సూదిలో దారం నేనే ఎక్కిస్తున్నాను. మిల్లులో చెప్పొద్దంది. ఇన్‌చార్జి సార్ ఒకటికి రెండుసార్లు చూడమన్నారు, అక్కే తొందరపడి సంతకం పెట్టేసింది."

చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. ఆ పాఠం ఎవరు రాసిచ్చారో, ఎన్నిసార్లు చదివించారో అక్కకి అర్థమైంది. చిన్నప్పుడు పాఠాలు అప్పజెప్పించుకున్నది తనే కదా. బావమరిది కాలు మీద కాలు వేసుకుని ఆడిస్తున్నాడు. కళ్లజోడాయన జాలిగా, "అమ్మా, మీరేమైనా చెప్పుకుంటారా?" అన్నాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

ఆవిణ్ణి ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అన్నేళ్ల సర్వీసు చూసి దయదలిచామని రాశారు. మడతల విభాగానికి పంపారు. అక్కడ గేటు వైపు తలుపులు బార్లా తెరిచి ఉంటాయి, కావలసినంత పగటి వెలుతురు. థాన్లు మడిచి, తాడు కట్టి, లారీ ఎక్కించేవాళ్లకి అందివ్వడమే పని. రంగుతో నిమిత్తం లేదు.

ఆ సాయంత్రం ఇంట్లో చెల్లెలు తలుపు దగ్గరే నిలబడిపోయింది. "రాసిచ్చారక్కా. చెప్పకపోతే కాగితం చింపుతామన్నారు. పొద్దున నీకు చెబుదామనుకున్నాను."

"అన్నం తిను" అంది అక్క.

"తిట్టవే, నీకు దణ్ణం పెడతాను. ఒక్క మాట తిట్టు."

"కడుపుతో ఉన్నదానివి, ఆకలితో ఉండకు. తిను."

ఎంత బతిమాలినా అంతకంటే ఒక్క మాట రాలేదు. కోపం లేదని కాదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. చెల్లెలి దగ్గర మొదలుపెడితే తన సంతకం దగ్గరికే వెళ్లి ఆగుతోంది.

ఆడపిల్ల పుట్టింది, బలంగా ఉంది. ఆరు నెలల సెలవూ ఇచ్చారు. ఇంట్లో పిల్లకి నీళ్లు పొయ్యడం, జోకొట్టడం అంతా అక్కే. అక్కాచెల్లెళ్లు పిల్ల గురించి మాట్లాడుకునేవాళ్లు, మిల్లు గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు. మడతల దగ్గర ఆకతాయిలు ఒక ఆట కనిపెట్టారు. పోతూ పోతూ చొక్కా చూపించి, "అక్కా, ఇదేం రంగో చెప్పు" అంటారు. ఆవిడ మొదట్లో చెప్పేది. తర్వాత మానేసింది. ఒక్కోసారి తాడు ముడి వేస్తూ ఆగి, చెయ్యి దూరంగా పెట్టుకుని చూసుకునేది, నిజంగానే మసకేస్తోందా అని. ఇంట్లో దారం చెల్లెలు ఎక్కించిన మాట అబద్ధమే. కానీ అన్ని నోళ్లు ఒకే మాట అంటుంటే మనిషికి తన కళ్ల మీదా అనుమానం పుడుతుంది.

సెలవయ్యాక చెల్లెలు తిరిగి వచ్చింది. తొట్ల దగ్గరికి కాదు. మెట్ల కింద బల్ల దగ్గర కూర్చోబెట్టారు, షేడు చూడమని. "అక్క దగ్గర నేర్చుకునే ఉంటుందిలే" అన్నాడు బావమరిది. చెప్పిన మాట వింటుందన్న సంగతి పైకి అనలేదు.

రెండు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం చెల్లెలు అటూ ఇటూ చూసుకుంటూ మడతల విభాగానికి వచ్చింది. చొక్కా మడతలోంచి రెండు ముక్కలు తీసి తాళ్ల కట్ట మీద పెట్టింది. ఏదో ఆసుపత్రి నర్సుల లేత నీలం.

"అక్కా, ఒక్కసారి చూడవా? లోపల సరిపోయింది."

తెరిచిన తలుపులోంచి వెలుతురు వాటి మీద పడుతోంది. అక్క కాసేపు గోడ వైపు చూసి, తర్వాత ముక్కల వైపు తిరిగింది. అంచుకు అంచు ఆనించింది. తిప్పింది. ఇన్ని నెలల మసకా ఒక్కసారిగా విడిపోయింది. ఎదుట ఉన్న తేడా ముఖం మీద మచ్చంత స్పష్టంగా ఉంది.

"ఎరుపు తిరిగింది. పంపకు."

"పంపకపోతే ఏమంటాడో తెలుసుగా?"

"తెలుసు."

"పిల్లకి ఆరు నెలలక్కా."

అక్క ముక్కల్ని మడిచి చెల్లెలి చేతిలో పెట్టింది. ఇదే ప్రశ్నకి తను ఏడాది కిందట ఏం జవాబిచ్చిందో ఇద్దరికీ తెలుసు. చెల్లెలు ముక్కల్ని మళ్లీ చొక్కాలో దాచుకుని, కళ్లు తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లిపోయింది.

గంట తర్వాత బండి మీద లేత నీలం థాన్లు వచ్చాయి. పైన లాటు కార్డు, దాని మీద పచ్చిగా చెల్లెలి సంతకం. అక్క మొదటి థాను బల్ల మీదికి లాగి, అంచులు కలిపి, మడవడం మొదలుపెట్టింది.